పెన్‌డ్రైవు వేట

మంగ్లు పెన్‌డ్రైవుని సౌండ్ బాక్సులో గుచ్చాడు. పాట రాలేదు. తీసి ఉఫ్ఫుమని ఊది మళ్ళీ గుచ్చాడు. చొక్కాకి తుడిచి గుచ్చాడు. బియ్యం డబ్బాలో కప్పెట్టాడు, మిరియాల పక్కన ఎండబెట్టాడు, ఆఖరికి బతిమాలాడు కూడా. ఎర్ర లైటు ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది. చూస్తే ఇటుకల పండుగ, అదే వేటల పండుగ, నెత్తిమీదికొచ్చింది. డుంబ్రిగుడ పైనున్న ఆ ఊళ్ళో పండక్కి థింసా ఆడాలంటే పాట కావాలి. పాటలన్నీ అందులోనే ఉన్నాయి.

వాటిని అందులోకి ఎక్కించింది మంగ్లే. ఊళ్ళో పాట పాడే మనిషి ఒక్కతే, అతని మేనత్త అసిరమ్మ. ఓ పండుగనాడు ఆవిడ పాడినవన్నీ ఫోన్లో పట్టి పెన్‌డ్రైవులో పెట్టి, ఫోన్లోవి చెరిపేశాడు. అప్పట్నుంచీ ఊరు బటన్ నొక్కి ఆడుకుంటోంది, ఇతనికి సౌండు మంగ్లు అన్న పేరు స్థిరపడింది. ఇప్పుడా పేరు గంగలో కలిసేలా ఉందని అత్త దగ్గరికి పరుగెత్తాడు.

"అత్తా, ఈ పండక్కి నువ్వే పాడాల."

"నా దగ్గరేటున్నాయిరా పాటలు? నీకిచ్చీసినాను కదా" అంది అసిరమ్మ చోళ్ళు చెరుగుతూ.

"ఇచ్చీడమేటి? నీ నోట్లోనే ఉంటాయి గదా!"

"ఇత్తనాలు ఒకలికిచ్చీసినాక మన గాదిలో ఉంటాయేటి? నీ పుల్లలో ఎట్టుకున్నావు, నువ్వే సూసుకో."

వేళాకోళమనుకున్నాడు మంగ్లు. కాదు. ఆవిడ నోరు తెరిచి, మొదటి మాట దగ్గరే ఆగిపోయి, గోడ వంక చూసింది. నిజంగానే రావడం లేదు. మంగ్లు పెన్‌డ్రైవుని మళ్ళీ చొక్కాకి తుడిచాడు. పేరు పోతే పోయింది, అత్త పాటలు పోతే మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తాడు?

ఇటుకల పండక్కి మగవాళ్ళు వేటకి వెళ్ళాలి. వట్టి చేతులతో తిరిగొస్తే ఊరి పొలిమేరలో ఆడవాళ్ళు ఎకసెక్కేలు ఆడుతూ పేడనీళ్ళు కొడతారు. ఈ మధ్య అడవిలో ఉడుత కూడా మొహం చాటేస్తోంది, పైగా ఫారెస్టోళ్ళ కేసులొకటి. అందుకే, ముహూర్తాలు చూసే దిసారి బుధు పెన్‌డ్రైవుని చెవి దగ్గర ఆడించి చూసి తేల్చేశాడు.

"పాటలు దీన్లోనే నక్కినాయి. నక్కినదాన్ని పట్టడమే గదా ఏట. ఈ ఏడు మన ఏట ఇదే."

మంగ్లుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరి మగవాళ్ళందరూ విల్లంబులూ గొడ్డళ్ళూ పట్టుకుని, కుక్కల్ని వెంటేసుకుని, డుంబ్రిగుడ నెట్ సెంటర్ మీద పడ్డారు.

నెట్ సెంటర్ ఫణీంద్రది పార్వతీపురం. గుమ్మంలో విల్లు చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"జెరాక్సులు కావాలాండీ?" అన్నాడు సన్నగా.

సంగతి విని పెన్‌డ్రైవుని కంప్యూటర్లో పెట్టాడు. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది.

"ఫార్మాట్ చెయ్యమంటారా అని అడుగుతోందండి. చేస్తే తెరుచుకోవచ్చు."

"పాటలో?" అన్నాడు మంగ్లు.

"పాటలు పోతాయండి. ఖాళీ అయిపోద్ది."

"ఖాళీదాన్ని తెరుసుకుని ఏటి సూసుకోవాల?" గద్దించాడు బుధు.

ఫణీంద్ర ఇంకో కంప్యూటర్లో పెట్టి చూశాడు. పోయినవాటిని వెతికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదో ఎక్కించాడు. తెర మీద పచ్చగీత పాకుతున్నంతసేపూ ఒకతను సీపీయూ వైపు బాణం ఎక్కుపెట్టి నిలబడ్డాడు, పాట బయటికి దూకితే పారిపోకుండా. గీత సగంలో ఆగింది. ఎర్ర లైటు ఇక వెలగనే లేదు.

"సారీ అండి. చిప్పు చచ్చిపోయింది" అన్నాడు ఫణీంద్ర, బాణం వంక చూస్తూ.

పొలిమేరలో ఆడవాళ్ళు కుండలతో కాచుకుని ఉన్నారు.

"ఏటి తెచ్చినారు?"

మంగ్లు తల దించుకుని పెన్‌డ్రైవు చూపించాడు.

"సచ్చింది గదా, ఏటకింద లెక్కే!" అని వాదించాడు బుధు.

"మరి మాంసమేదీ?" అంది కనక, మంగ్లు పెళ్ళాం. అంటూనే తొలి కుండ మొగుడి నెత్తినే కుమ్మరించింది. మిగతావాళ్ళు అందుకున్నారు. కాసేపటికి మంగ్లు ఎవరో ఆనవాలు దొరక్క అతని కుక్కే అతని మీదికి మొరగడం మొదలెట్టింది.

అప్పుడొచ్చింది అసిరమ్మ, చేతిలో చెంబుతో. "నా పాటల్ని సంపీసి తెచ్చినావేట్రా!" అని తిట్టు లంకించుకుంది. తిట్టి తిట్టి ఊపొచ్చింది. ఊపులో తిట్టు రాగమెక్కింది. రాగం దొరికేసరికి మాట మారిపోయింది.

"వలిసె పువ్వా, వలిసె పువ్వా, వంగి సూడకే
వాగు దాటి వచ్చేవోడు నీవోడు కాదే..."

ఎత్తిన కుండలు ఎత్తినట్టే ఆగిపోయాయి. పెన్‌డ్రైవులో అందరికీ ఇష్టమైన పాట! అసిరమ్మ "నీవోడు కాదే" అని ఆగింది. మళ్ళీ అంది, మళ్ళీ అక్కడే ఆగింది. కళ్ళు దేనికోసమో వెతుక్కుంటున్నాయి. దొరికిందీ జారిపోయేలా ఉందనిపించింది మంగ్లుకి. పుట్టి బుద్ధెరిగి అతను పాడింది లేదు. బటన్ నొక్కి నొక్కి, విని విని ఉన్నాడంతే. నోట్లో పేడనీళ్ళు ఉమ్మేసి గాడిద గొంతుతో అందుకున్నాడు.

"నీవోడొస్తే మనూరి కుక్క మొరగనే మొరగదే!"

అతని కుక్క గొంతు చించుకుని మొరిగింది. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. అసిరమ్మ నవ్వలేదు. దగ్గరికొచ్చి చీరచెంగుతో అతని మూతి తుడిచింది.

"అదేరా అది! తరవాతది నాకొచ్చు" అని పాడుకుంటూ నాలుగడుగులు నడిచింది. ఎందుకో ఆగి వెనక్కి తిరిగింది.

"అయినా నువ్వు నా పక్కనే నడు."