ఢోలీ వాటా నీళ్లు

నేను ఒక మేకతోలు నీళ్లతిత్తిని. ముక్కు మూసుకోకండి, వాసన వస్తే రానివ్వండి. బతికుండగా థార్ ఎడారిలో గమ్నారాం మందలో మేకను. చచ్చాక అతని భార్య నా తోలును తుమ్మచెక్క నీళ్లలో నానబెట్టి, కాళ్లు బిగించి కట్టి, మెడను మూతిగా చేసింది. ఇప్పుడు ఓ పెద్ద హోటల్లో స్నానాలగది గోడకు వేలాడుతున్నాను. ఛీ, ఏం బతుకు నాది!

గమ్నారాంవాళ్లు ఒంటెలు మేపుకుంటూ తిరిగే జనం. మేత ఎక్కడుంటే అక్కడే వాళ్ల ఊరు. నీళ్ల దగ్గర వాళ్లకో పద్ధతుంది. దాహమన్నవాడికి గ్లాసులో పోసివ్వరు, తిత్తినే చేతికిస్తారు. వాడు రెండు గుక్కలు తాగి తిరిగి ఇచ్చేస్తాడు. ఇచ్చినదాన్ని మధ్యలో లాక్కోవడమంటే వాళ్లకు చచ్చేంత సిగ్గు.

ఒక వేసవిలో మేం చేరేసరికి బావి ఇసుకతో పూడిపోయి ఉంది. ఇంకో బావికి రోజంతా నడవాలి. గమ్నారాం కోడలు హంజాకు చనుబాలు ఎండిపోయాయి. చంటిపిల్ల జమ్ను ఢోలీ అనే ఒంటె పాలమీదే బతుకుతోంది. దాహానికి ఢోలీ పాలు కూడా తగ్గిపోయాయి. అందుకే నాలోని నీళ్లన్నీ ఢోలీకేనని మామాకోడళ్లు తీర్మానించుకున్నారు. పెదాలు పగిలి నెత్తురొస్తున్నా ఒక్క చుక్క ముట్టలేదు.

అంతలో జీపొకటి వచ్చి ఆగింది. దిగినవాడు లలిత్ సేఠ్, ఈ హోటలు యజమాని.

"ముసలాయనా, నీళ్లున్నాయా?"

గమ్నారాం అలవాటుగా నన్ను అందించాడు. ఆ మహానుభావుడు మూతి విప్పి, "అబ్బ, కంపు!" అని, నన్ను తలకిందులు చేసి కాళ్లు కడుక్కున్నాడు! ఆ తర్వాత చెప్పులు. జీపులో నీళ్లసీసాల పెట్టె నాకు కనిపిస్తూనే ఉంది.

హంజా ఆగలేకపోయింది. "మామా, లాక్కో! అయ్యా, అవి ఒంటెకు! అది తాగితేనే పాలు, పాలుంటేనే నా బిడ్డ!"

గమ్నారాం చెయ్యి చాచాడు, మళ్లీ దించేసుకున్నాడు. ఆ మర్యాదను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఒంటెకు నెలల తరబడి నీళ్లక్కర్లేదుగా, నేను చదివానమ్మా," అని సేఠ్ నవ్వాడు. చివరి చుక్క ఇసుకలో ఇంకాక నన్ను తేరిపార చూసి, "గోడకు బావుంటుంది," అంటూ జీపులో పడేశాడు. బదులుగా ఒక సీసా ఇచ్చాడు. ఒక్కటంటే ఒక్కటి. ఢోలీకి అది నాలుక తడవడానికైనా చాలదు. నేను చివరిగా విన్నది జమ్ను ఏడుపు.

ఇక్కడ అతిథులకు నన్ను చూపిస్తూ సేఠ్ చెబుతుంటాడు. "ఎడారి జనం దేవుళ్లండీ, అడిగితే ఉన్నదంతా ఇచ్చేస్తారు." వాళ్లు కుళాయి తిప్పి వదిలేసి, సబ్బు చేతులతో నన్ను తడిమి మురిసిపోతారు. థూ!

జమ్ను బతికిందా అని వాళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగినా నేనేం చెప్పగలను? నాకూ తెలియదు. కింద తొట్టి నిండి నీళ్లు పొర్లిపోతూనే ఉన్నాయి.