తెంపకూడని దారం

రోజూ సాయంత్రం బడి వదిలాక, మేం వలసొచ్చిన గుజరాతీ పట్నంలోని లింబాయత్ పేట మైదానంలో పదిహేనుమంది ఆడపిల్లల చేత పరుగు తీయిస్తాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. నలుగురు పిల్లలకైనా ధైర్యం రావాలని నా ఆశ.

వాళ్లలో విజయరాణి అందరికన్నా వేగంగా పరుగెత్తుతుంది, అందరికన్నా తక్కువ మాట్లాడుతుంది. ఏదడిగినా సైగే. వాళ్లుండేది మగ్గాల కార్ఖానా పైగదిలో. ఆ చప్పుడులో మాట వినపడదు కదా. కింద మగ్గం నడిపే నాన్న రాజనర్సుకు అన్నం డబ్బా ఇవ్వడానికి రోజూ కిందికి దిగే పిల్లకు ఆయన నేర్పింది ఒకటే: ఏ దారాన్నీ తెంపొద్దు, తెగితే మగ్గం ఆగిపోతుంది.

ఆయనకు ఈ పరుగు నచ్చలేదు. ఆల్థాన్ పేటలో పరుగుపందెం ఉంది, అదొక్కటి చూసి చెప్పమని బతిమాలాను. వస్తానన్నాడు కానీ, బిడ్డ ఎనకబడితే ఆ రోజుతో బంద్ అన్నాడు.

పందెంలో చివరి మలుపు తిరిగేసరికి విజయరాణి కతర్‌గామ్ పేట నుంచి వచ్చిన అమ్మాయికంటే పదడుగులు ముందుంది. ముగింపు దగ్గర ఇద్దరు తెల్లదారం అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. మా మైదానంలో సున్నపు గీతే తప్ప దారం లేదు. దాన్ని తెంపుకుంటూ పోవాలని ముందే చెప్పాలని నాకు తట్టనేలేదు.

దారం ముందు విజయరాణి టక్కున ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

నా అరుపు జనం గోలలో కలిసిపోయింది. అప్పుడు గట్టు మీద రాజనర్సు లేచి, కుడిచేయి పైకెత్తి ముందుకు తోశాడు. మగ్గం నడిపించమనే సైగ అది. పిల్ల దూకింది. అప్పటికే కతర్‌గామ్ అమ్మాయి దారం తెంపేసింది.

తప్పు నాదేనని ఆయనతో చెప్పాను. ఆయన నవ్వాపుకోలేకపోతున్నాడు.

"నీ తప్పేం లేదు మేడం. తెంపొద్దని చిన్నప్పటిసంది చెప్పింది నేనే గదా."

ఈలోగా విజయరాణి తెగిన కొసలు రెండూ ఏరి, రెప్పపాటులో ముడేసింది. ముడి ఎక్కడుందో కనపడలేదు. దారం పట్టుకున్నాయన చేతిలో దాన్ని పెట్టి, అందరికీ వినపడేలా గుజరాతీలో చెప్పింది, దాచిపెట్టమని, వచ్చే ఏడు తనే తెంపుతానని. తర్వాత నాన్న వైపు తిరిగింది.

"ఎనకబడలే బాపూ. ఆగిన. గంతే."

రాజనర్సు నన్నడిగాడు.

"రేపు ఎన్ని గంటలకు తోలియ్యాలె మేడం?"

నేను నోరు తెరిచేలోపే విజయరాణి అంది.

"ఐదున్నరకు."