మొదలుపెట్టిన రాయి

జకర్యా గులకరాయితో నాచు గీకి, తువ్వాలుతో తుడిచి, అంకెల సందుల్లో ఇరుక్కున్న మట్టిని గోటితో తీశాడు. చండ్రుగొండ దాటి అడవిలోకి పోయే రోడ్డు పక్కన, కల్వర్టు వెనక, మోకాలెత్తు బెంచిమార్కు రాయి అది. దాని మీద నూట ఇరవై ఒకటి అని చెక్కి ఉంది. సముద్రం కంటే ఆ చోటు అన్ని మీటర్ల ఎత్తని అర్థం. మూడో తరగతితో బడి మానేసిన జకర్యా సముద్రం చూడలేదు. సముద్రాన్ని బట్టి కొలిచిన రాళ్లు ఈ అడవంచున ఎక్కడెక్కడ ఉన్నాయో మాత్రం కళ్లు మూసుకొని చెప్పగలడు.

ఏఈ హైమ అరచేతిలో పట్టే జీపీఎస్‌ను రాయి మీద పెట్టింది. ఆమె ఈ ఆఫీసుకు వచ్చి మూడు వారాలు.

"మనం నడిచిన దారిని ఉపగ్రహాలు గీసి పెడతాయి జకర్యా. ఎత్తు మాత్రం ఇది గాలి బరువును బట్టి చెబుతుంది. అందుకే తెలిసిన ఎత్తు దగ్గర ముందు సరిచెయ్యాలి." మీటలు నొక్కి నూట ఇరవై ఒకటి చేసింది.

జకర్యా తలూపాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో, సర్వే గొలుసు పట్టే చైన్‌మన్ జకర్యా మాట్లాడిన మాటలన్నీ పోగేసినా చారెడు కావని డ్రైవర్ బలరాం నవ్వుతుంటాడు. ఆ రోజు రెండువేల ఏడు మే ముప్పై ఒకటి. సాయంత్రంతో సర్వీసు అయిపోతుందని కూడా జకర్యా హైమకు చెప్పలేదు.

పని చిన్నదే. మెరక మీద ఒక తండా ఉంది. ఎండాకాలం బోరు ఎండిపోతే ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి వాగు చెలమల్లో నీళ్లు తోడుకోవాలి. మధ్యలో ఒక లోయ దాటితే గుట్ట మీద ఎండని ఊట ఉంది. ఊట తండా కంటే పది మీటర్లు ఎత్తులో ఉంటే మోటారు లేకుండానే పైపులో నీళ్లు వస్తాయి. లేకపోతే ఫైలు మూసేస్తారు. అడవిలో కంటిచూపు మోసం చేస్తుంది. ఏది ఎత్తో ఏది పల్లమో చూసి చెప్పలేరు.

పది గంటలకు ఊట దగ్గర నూట యాభై ఎనిమిది చూపించింది. హైమ రాసుకుంది. జకర్యా బండ మీద కూర్చొని దోసిలితో నీళ్లు తాగాడు. ఇంత తేలిక పని అతనికి అలవాటు లేదు. పాత ఇంజనీరు వెంకటరామారావు సారు కాలంలో ఈ గుట్ట ఎక్కాలంటే మూడుకాళ్ల స్టాండు, దుర్భిణి, పద్నాలుగడుగుల కొలబద్ద మొయ్యాలి. అంకెలు అతనికి వచ్చింది బడిలో కాదు, ఆ కొలబద్ద మీద. దుర్భిణిలో లోకం తలకిందులుగా కనబడేది. ఒకసారి సారు చూడమంటే కన్ను పెట్టాడు. సద్దిమూట నెత్తిన పెట్టుకొని అతని భార్య విశ్రాంతమ్మ ఆకాశంలో అడుగులేసుకుంటూ వస్తోంది. అతను పకపకా నవ్వాడు. దగ్గరికొచ్చి, "ఏందయ్యా, నన్ను చూసి గట్ల నవ్వుతవ్?" అని మూతి ముడుచుకుంది. ఆమె పోయి ఆరేళ్లు. కలలో వచ్చినప్పుడు ఇప్పటికీ అలాగే, ఆకాశం తొక్కుకుంటూ వస్తుంది.

ఆ సారు ఎంత పొద్దుపోయినా మొదలుపెట్టిన రాయి దగ్గరికి తిరిగొచ్చి, అక్కడి లెక్క కలిశాకే పెట్టె మూసేవాడు. ఆయన తర్వాత వచ్చినాయన పెళ్లికి పోవాలని ఒక రోజు రాయి దాకా రాలేదు. కొలబద్ద పట్టుకున్న జకర్యాకు అది తెలుసు. మూడో తరగతి వాడు ఆఫీసరుకు చెప్పేదేముందని ఊరుకున్నాడు. ఆ కొలతతో తవ్విన కాల్వలో ఒక్క చుక్కా పారలేదు. ఇప్పటికీ అందులో మేకలు మేస్తుంటాయి. బస్సులో అటు పోవాల్సి వస్తే జకర్యా అవతలి వైపు సీటు చూసుకుంటాడు.

లోయ దిగి, పొదలు కొట్టుకుంటూ తండాకు ఎక్కేసరికి మూడున్నర. ఉక్కపోత. పడమట మబ్బు కమ్ముతోంది. ట్యాంకు కట్టాలనుకున్న చోట కమ్లి అనే ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకొని నిలబడి ఉంది.

"ఏంది మేడం, గా డబ్బాతోని నీళ్లు పిండుతరా?" అంది. పక్కనున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

హైమ నవ్వబోయి ఆగింది. డబ్బా మీద నూట అరవై మూడు. "ఊట కంటే ఇదే అయిదు మీటర్లు ఎత్తుందమ్మా. నీళ్లు ఎక్కవు."

కమ్లి బిందె కింద పెట్టింది. హైమ పుస్తకం మూసి, బలరాం రోడ్డు మీదుగా తెచ్చి ఆపిన జీపు వైపు నడిచింది.

జకర్యా ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మేడం, రాయి కాడికి పోదాం."

"ఎందుకు?"

"మొదలువెట్టిన కాడనే ముగియ్యాలె."

"అది పాత పద్ధతి జకర్యా. దీన్ని పొద్దున్నే సరిచేశాం కదా. వాన కూడా వచ్చేలా ఉంది."

"పొద్దుగాల గాలి వేరు మేడం, గిప్పటి గాలి వేరు."

"ఓరి పెద్దాయనా, ఇయ్యాల నీకు మాటలు పుట్టుకొచ్చినయ్!" అన్నాడు బలరాం.

జకర్యా నవ్వలేదు. "ఒకపారి నోరు మూసుకున్న. కాల్వకు కాల్వే ఎండింది. ఇంకోపారి మూసుకోను. నడిచైనా పోత, గది నా చేతికియ్యిరి."

హైమ అతని చాచిన చేతి వంక చూసింది. "ఎక్కండి," అంది.

రాయి దగ్గర డబ్బా నూట నలభై ఒకటి చూపించింది. రాయి మాత్రం నూట ఇరవై ఒకటే అంటోంది. హైమ ఒకసారి మబ్బు వైపు, ఒకసారి రాయి వైపు చూసి, కల్వర్టు గోడ మీద కూలబడింది. "ఇరవై మీటర్లు! గాలి బరువు తగ్గింది, ఇది మనమే పైకి ఎక్కామనుకుంది. సంతకం పెట్టేసేదాన్ని జకర్యా."

మళ్లీ సరిచేసి, జీపు దౌడు తీయించి తండాకు వచ్చారు. ట్యాంకు చోటు నూట నలభై రెండు.

"ఊట పదహారు మీటర్లు పైనుంది," అంది హైమ.

"గా లెక్కలు నాకెందుకు? నీళ్లు వస్తయా రావా, గది చెప్పు."

"వస్తాయి."

కమ్లి హైమను వదిలి జకర్యా వంక చూసింది. "నిజమేనా పెద్దయ్యా?"

"అవ్," అన్నాడు జకర్యా.

"రేపు పొద్దున ఊట దగ్గర ఇంకోసారి చూద్దాం," హైమ పుస్తకంలో గబగబా రాసుకుంటోంది. "గంటకోసారి రాయి దగ్గర సరిచూసుకుందాం. పైపు దారికి గుర్తు మేకులు కూడా పాతేద్దాం."

జకర్యా తలూపి, కొడవలి తీసుకొని పొదల్లోకి పోయాడు. చినుకులు మొదలయ్యాక తిరిగొచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు.

చర్చి మలుపు దగ్గర దిగి, ఎప్పుడూ లేనిది, హైమకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. వానలో తువ్వాలు నెత్తిన వేసుకొని సందులోకి తిరిగాడు.

జీపు కదిలాక బలరాం అన్నాడు: "ఇయ్యాలతోని పెద్దాయన సర్వీసు అయిపోయింది మేడం. రేపటి నుంచి రాడు."

హైమ ఆపమంది. సందులో వాన తప్ప ఎవరూ లేరు. వెనక సీటు మీద, మోదుగనారతో బిగించి కట్టిన ఇరవై తునికి కర్ర మేకులు ఉన్నాయి. మొనలు నాలుగు పక్కలా సమంగా చెక్కి, తలల దగ్గర నంబర్లు వెయ్యడానికి వేలెడంత బెరడు తీసి, ఇంకా పచ్చిగా, చెమ్మ కారుతూ.