కిటికీ దగ్గర కూర్చున్న మనిషి

ఆకుకూర కాడలు తుంచి కుండలో వేసి, చేతులు తుడుచుకుని, ఎర్లీన్ వంటింటి బల్ల మీద మళ్ళీ కాగితాలు పరుచుకుంది. అలబామాలో తన చిన్నతనాన్ని, నల్లవాళ్ళు ఓటు కోసం కొట్లాడిన రోజుల్ని బొమ్మల పుస్తకంగా గీస్తోందామె. ఆ ఇంట్లో ఆమెకంటూ వేరే బల్ల లేదు. భోజనాల వేళకల్లా అన్నీ ఎత్తేయాలి.

"ఊరేగింపులు గియ్యి, మీ నాన్న ఉపన్యాసాలు గియ్యి. మీ అమ్మ ఇస్త్రీ చేసే బొమ్మలు ఎవడిక్కావాలే?" అన్నాడు భర్త లూషస్, కాఫీ కోసం కప్పు చాపుతూ.

ఇవాళ గీయాల్సింది చర్చివాళ్ళందరికీ కంఠతా వచ్చిన కథ. తెల్లవాళ్ళ కారు దీపాలార్పుకుని ఇంటి చుట్టూ తిరిగిన సాయంత్రం, నాన్న తుపాకీతో కిటికీ దగ్గర కూర్చుని ఇల్లు కాచాడు. పోయేదాకా ఆయన చెప్పిన కథే అది. ఎర్లీనూ చూసింది. చెల్లెలితోపాటు ఇనప స్నానాల తొట్టిలో, తూటాలు తగలకుండా పైన పరుపు కప్పుకుని, తలుపు సందులోంచి చూసింది. టోపీ, కోటు, ఒళ్ళో తుపాకీ. ఉలుకూ పలుకూ లేని మనిషి.

గీసింది. కోటు కింద వంట ఏప్రన్ అంచు వచ్చింది. చెరిపేసింది. మళ్ళీ గీస్తే మళ్ళీ అదే. చెయ్యి తనది కానట్టు, ఇంకెవరో పట్టుకుని దిద్దిస్తున్నట్టు. ఆ గదిలో నాన్న పొగాకు వాసన లేదని, ఉన్నది ఇస్త్రీ బట్టల గంజి వాసనని అప్పుడు గుర్తొచ్చింది. మరి ఆ సాయంత్రం అమ్మెక్కడుంది? ఇన్నేళ్ళలో ఆ అనుమానం ఎవరికీ రాలేదు. తనకూ రాలేదు.

చెల్లెలి ఇంట్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసింది. "అమ్మా, ఆ రోజు కిటికీ దగ్గరున్నది ఎవరు?"

అవతల అమ్మ తలుపు దగ్గరికేసిన చప్పుడైంది.

"మీ నాన్న మీటింగులో ఇరుక్కుపోయాడే. కొంపలో మగాడు లేడని తెలిస్తే వాళ్ళు ఊరుకుంటారా? ఆయన టోపీ, కోటు తగిలించుకుని నేనే కూర్చున్నా. తుపాకీలో తూటాలు కూడా లేవు తల్లీ."

"ఎందుకు చెప్పలేదు?"

"మీ నాన్న మొదటిసారి ఆ కథ చెప్తున్నప్పుడు అందరికీ వడ్డిస్తున్నా. నలుగురిలో ఏమంటాను? తర్వాత ఎవరడిగారు గనక?" గొంతు తగ్గించింది. "కారు పోయాక కిటికీ అద్దంలో చూసుకుంటే మీ నాన్నే కూర్చునున్నాడే. నేను లేను. ఇప్పటికీ అద్దం ముందుకెళ్ళాలంటే నాకు గుండె దడ."

సంగతి విని లూషస్ మొహం చిట్లించాడు. "పోయినాయన పరువు తీస్తావా? రేపు చర్చిలో తలెత్తుకోవద్దూ? ముందు బల్ల ఖాళీ చెయ్యి, ఆకలేస్తోంది."

"కుండలో కూరుంది, పెట్టుకో," అంది ఎర్లీన్, తలెత్తకుండా.

టోపీ కింద అమ్మ మొహం గీసింది. భయంతో బిగిసిన దవడతో సహా గీసింది. బొమ్మ కింద ఒక్క వాక్యమే రాసింది.

'ఆ సాయంత్రం మా ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు.'