ఎనిమిదో బ్రాకెట్టు

పండరి అయిదో బ్రాకెట్టు మేకును లోపలివైపు నుంచి తట్టి, నిచ్చెన మీద ఒక్క క్షణం ఆగాడు. ఎడమ భుజం నుంచి చిటికెన వేలి దాకా లాగుతోంది. బాన్సువాడలో పండరి అంటే ఎవరని అడుగుతారు గాని, ఎడంచేతి వడ్లాయన అంటే ఇల్లు చూపిస్తారు. ముప్పై అయిదేళ్ల వడ్రంగి పనిలో సుత్తి పట్టింది ఆ చేతితోనే.

వందేళ్ల కిందట కాలువ పనికి వచ్చిన ఇంజనీరు దొర ఎవరో కట్టించుకున్న బంగళా అది. ఎంత ముచ్చటపడి కట్టుకున్నాడో! వాలు తక్కువ కప్పు, వరండా మీదికి రెండు మూరలు ముందుకొచ్చిన చూరు, దాచకుండా వదిలేసిన వాసాల కొసలు. రాతి దిమ్మల మీద పైకి పోయేకొద్దీ సన్నబడే స్తంభాలు. కిటికీ కింద గోడలోనే కలిపేసిన టేకు బల్ల. చూరు కింది ఎనిమిది బ్రాకెట్లలో ఒక్క ఇనుప మేకు లేదు, అన్నీ చెక్క మేకులే. సన్నకొస లోపలికి, లావు కొస బయటికి. బయటినుంచి కొడితే కర్ర పగులుతుంది.

రేపు బంగళా కూల్చడానికి జేసీబీ వస్తుంది. బ్రాకెట్లు కొంటానన్న పట్నం ఆసామి ఎనిమిదీ ఉంటేనే తీసుకుపోతాడట, ఒక్కటి తగ్గినా అన్నీ పొయ్యిలోకేనని కాంట్రాక్టరు గోపాల్ తేల్చేశాడు. రెండు రోజులు అడిగితే ఒక్కరోజు ఇచ్చాడు. పొయ్యి మాట విన్నప్పటి నుంచి పండరికి మనసు మనసులో లేదు.

మధ్యాహ్నం లక్ష్మవ్వ రొట్టె తెచ్చింది. మొగుడి మెడ మీది చెమట చూసి సుత్తి లాక్కోబోయింది.

“ఇగ చాలు. దవాఖానకు పోదాం పా.”

“సుత్తె నొప్పే ఇది. కొట్టేది గీ చెయ్యే గద. ఇంక మూడున్నయి.”

పని ఎక్కువైన రోజున ఆ చెయ్యి అలాగే లాగుతుందని ఆమెకూ తెలుసు. నమ్మి, నాట్లకు వెళ్లిపోయింది.

ఆరు, ఏడు గీత పడకుండా దిగాయి. ఎనిమిదో మేకు బొటనవేలి గోరంత కదిలాక చెయ్యి పైకి లేవలేదు. కాసేపు నడుం వాలుస్తానని గోపాల్‌తో చెప్పి కిటికీ బల్ల మీద పడుకున్నాడు. పాపం, గోపాల్ మంచికే కూలీలను చప్పుడు చేయొద్దన్నాడు.

పొద్దు గూకే వేళ లక్ష్మవ్వ వచ్చి భుజం పట్టి కుదిపింది. ఒళ్లు చల్లగా ఉంది.

“సుత్తె నొప్పన్నడు,” అంది వచ్చినవాళ్లందరితో. “నేను గూడ నమ్మిన.”

చావు జరిగిందని జేసీబీని ఆపారు. మర్నాడు గోపాల్‌తో సహా ఊరివాళ్లు శ్మశానంలో ఉండగా పట్నం లారీ వచ్చింది. ఉన్నవి ఏడేనని చూసి డ్రైవరు తొందరపెడితే, కూలీ ఒకడు నిచ్చెనెక్కి ఎనిమిదోదాన్ని బయటినుంచి కొట్టాడు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది. ఏడు బ్రాకెట్లూ ఆ సాయంత్రమే కూలీల పొయ్యిలో పడ్డాయి.

ఎనిమిదోది పగిలిన మూతితో ఇంకా చూరుకే ఉంది, మేకు మళ్లీ మొదలంటా దిగిపోయి.