కిష్టమ్మకు దొరికిన చోటు

కిష్టమ్మ సర్కారు దవాఖానలో పొద్దున్నే కన్నుమూసింది. గడ్డిఅన్నారం మార్కెట్ ఉన్నన్నాళ్ళూ బత్తాయిలమ్మి కూతురు రమ్యను పెంచిన మనిషి. నల్గొండ దగ్గరి సొంతూరికి ఫోన్ చేస్తే, "దేవుణ్ణి మార్చుకున్నదానికి మా బొందలగడ్డల జాగ లేదు" అని ఆమె మరిది ఫోన్ పెట్టేశాడు.

చంపాపేట్‌లో ఒక షట్టర్ కిరాయికి తీసుకుని చర్చి నడిపే పాస్టర్ అంతయ్య సంఘంలో కిష్టమ్మ సభ్యురాలు. ఆయన సంఘానికి సమాధుల తోట లేదు. రెండు రోజుల కిందటే కిష్టమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "నన్ను సాగనంపేటప్పుడు ప్రార్థన నువ్వే చెయ్యాలె అయ్యగారూ" అంది. సరేనన్నాడు.

ముందు దిల్‌సుఖ్‌నగర్‌లోని పెద్ద చర్చికి పరుగెత్తాడు. ఆ చర్చి కార్యదర్శి దీవెనరావు, అంతయ్య ఇద్దరూ చర్చిల ఐక్య సంఘంలో ఉన్నారు. మొన్న క్రిస్మస్ ఊరేగింపులో పక్కపక్కనే నడిచారు.

"మా సభ్యులకే చోటు చాలట్లేదండీ. ఈవిడకి ఒప్పుకుంటే రేపు అందరూ వస్తారు. ఏమీ అనుకోకండి" అన్నాడు దీవెనరావు.

అక్కడినుంచి ఎల్బీనగర్‌లో కతోలిక చర్చి ఫాదర్ ఇన్నయ్య దగ్గరికి వెళ్ళాడు. ఆయన అంతా విన్నాడు.

"చోటిస్తాను. కానీ మా తోటలో మా పద్ధతే జరగాలి. మీరు ప్రార్థన చేస్తే మా పెద్దలు ఊరుకోరు. గొడవై మట్టి చెయ్యడం ఆగిపోతే ఆ పిల్ల గతేంటి?"

శవం అప్పటికే అంబులెన్సులో ఉంది. అంతయ్య తలూపాడు. రమ్యకు ఆ మాట చెప్పడానికి మాత్రం ఆయనకు నోరు రాలేదు.

సాయంత్రం నాలుగింటికి పెట్టె దించారు. ఫాదర్ తమ విధి ప్రకారం చదివి, తీర్థం చల్లాడు. రమ్య ఏడుపు ఆపుకుని అంతయ్య వైపు తిరిగింది.

"ఇగ మీరు చెయ్యండి అయ్యగారూ. అమ్మ అడిగింది కద!"

గోడవారగా నిలబడ్డ పెద్దలు ముందుకు కదిలారు. ఫాదర్ కళ్ళు దించుకున్నాడు. అంతయ్య ప్రార్థన చెయ్యలేదు. వంగి గుప్పెడు మట్టి వేశాడు.

నెల తిరక్కుండా చర్చిల పెద్దలంతా కలిసి, అన్ని సంఘాలకూ పనికొచ్చే సమాధుల తోట కావాలని కలెక్టరుకు అర్జీ రాశారు. ఆ మాట ఎత్తింది దీవెనరావే. సిగ్గుపడ్డట్టే ఉన్నాడు. ఫాదర్ పేరు కింద అంతయ్య సంతకం పెట్టాడు. ఇన్ని సంఘాలు ఒక్క కాగితం మీద కలవడం అదే మొదటిసారి అని అందరూ సంతోషించారు.

రమ్య మాత్రం ఆరాధనకు రావడం మానేసింది. అంతయ్య కర్మన్‌ఘాట్‌లో ఆమె ఉంటున్న గదికి వెళ్ళాడు. ఆమె కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది.

"నేను నోరు తెరిస్తే ఆడ మట్టి ఆగిపోతుండె బిడ్డా."

"ఫాదర్ చెప్పిండు. తెలుసు."

"మరి?"

"అమ్మకు జాగ ఇప్పిచ్చిన్రు, మర్చిపోను. కానీ మీరు ప్రార్థన చేస్తుంటె వినబుద్ధి కాదు అయ్యగారూ."

అంతయ్య నీళ్ళు తాగి, గ్లాసు గడప దగ్గర పెట్టి, చెప్పులు వేసుకున్నాడు.