బండిదారికి తూర్పు పక్క

సెంబవాంగ్ అడవి అంచున ప్రభుత్వం తవ్వి తీసేయబోతున్న పాత సమాధులు తమవాళ్లవని చెప్పుకోవడానికి గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు. బుధవారం మధ్యాహ్నానికి పరశురాముడి దరఖాస్తులో ఒక్క కాగితమే తక్కువ పడింది. ఆ స్థలం తన తాత రామన్నదని చూపే పటం. దాన్ని గీసివ్వాల్సింది అమూల్య.

పరశురాముడికి డెబ్బై ఆరేళ్లు. జలసంధి అవతల జొహోర్‌లో పుట్టి, షిప్‌యార్డులో వెల్డరు పని కోసం ఈ ద్వీపానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నలభై ఏళ్లుగా ఆ అడవిలో ఒక మట్టిదిబ్బ దగ్గర ఏటా దీపం పెడుతున్నాడు. తాతను సొంత పొలంలోనే, బండిదారి కాలువ దాటే మూలన పూడ్చారని తండ్రి చెప్పాడు. ఇంట్లో 1931 నాటి దస్తావేజు ఉంది. కాలువ మీద బండ్లు దాటిన ఆనాటి రాతి తూము ఇంకా ఉంది. ఆ రెంటి ఆధారంగానే దిబ్బను వెతుక్కున్నాడు.

అమూల్య తణుకు నుంచి పరిశోధనకు వచ్చింది. జొహోర్ రబ్బరు తోటల నుంచి తెలుగు కూలీలు నావికా స్థావరం పనులకు ఏ దారిన నడిచి వచ్చారన్నది ఆమె అంశం. ఆ దారి ఏ పటంలోనూ లేదు. దస్తావేజుల హద్దుల్లో మాత్రం ఉంది. ఒకరి పొలానికి పడమర బండిదారి అని రాస్తే, ఎదుటి పొలానికి తూర్పున అదే ఉండాలి. అలా ముక్కకు ముక్క అతికిస్తూ వుడ్‌ల్యాండ్స్ నుంచి పదకొండు దస్తావేజులు దాటింది. పన్నెండోది రామన్నది. దారి అక్కడ తెగింది.

“మీ తాతగారి పొలానికి ఉత్తరాన దారి, పడమర కాలువ అని ఉంది అంకుల్,” అంది అమూల్య, పరశురాముడి ఫ్లాట్‌లో భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి. “మారయ్య అనే ఆయన దస్తావేజులో పడమర దారి, ఉత్తరాన కాలువ. తూము దగ్గర పెట్టి చూస్తే రెండు పొలాలూ ఒకే చోట పడుతున్నాయి.”

“ఒకే చోట ఇద్దరెలా ఉంటారమ్మా? చోప్ చేసుకోడానికి అదేమన్నా హాకర్ సెంటర్లో బల్లా?”

“తాత టిష్యూ ప్యాకెట్ పెట్టి పోయుంటాడు లా,” అంది ఆయన కూతురు హేమమాలిని వంటగదిలోంచి, ఇక్కడివాళ్ల ‘లా’ తగిలించి. తిండి దుకాణాల్లో బల్ల చోప్ చేసుకోడానికి, అంటే ముందే పట్టిపెట్టుకోడానికి, ఇక్కడ అందరూ పెట్టేది అదే.

దస్తావేజు వెనక చిన్న చీటీ గుచ్చి ఉంది. దాని మీద తెలుగులో నాలుగు వరసలు. బండిదారి, రబ్బరు తోట, అనాస తోట, కాలువ. దిక్కులు లేవు. అడుగున ‘బసవయ్య వ్రాలు’ అని ఉంది. అమూల్య దాన్ని ఫొటో తీసి మేనమామ భద్రయ్యకు పంపింది. ఆయన తణుకులో దస్తావేజు లేఖరి. రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు.

“దిక్కులు లేవేంటి మామయ్యా?”

“దిక్కులెందుకే? చెక్కుబందీ, అదే నాలుగు హద్దులు, ఎవడు చెప్పినా తూర్పుతో మొదలెడతాడు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. ఇది తెలీకుండానే పొలాల మీద డాక్టరేటా? మీ సారుతో అనకు, పరువు పోద్ది.”

“ఇక్కడి ఫారంలో ఉత్తరంతో మొదలవుద్ది. తర్వాత తూర్పు.”

“ఇంకేం మరి. ఆ బసవయ్య మన వరసలో చీటీ రాసిచ్చాడు. ఇంగ్లీషు గుమాస్తా పై నుంచి కిందికి ఎక్కించేశాడు. నీ పొలం పావు చుట్టు తిరిగిపోయింది.”

దస్తావేజుకు సర్వే పటం లేదు. ఉన్నవి ఆ నాలుగు మాటలే. అమూల్య వాటిని సరిచేసి రాసింది. తూర్పున బండిదారి, ఉత్తరాన కాలువ. రామన్న పొలం దారికి పడమర పక్కకు జరిగింది. మారయ్యది తూర్పు పక్కనే నిలిచింది. రెంటి మధ్య నుంచి దారి తిన్నగా దక్షిణానికి పోయి పదమూడో దస్తావేజును తాకింది. రెండేళ్ల పని ఒక గీతతో ముగిసింది.

దిబ్బ మాత్రం దారికి తూర్పున ఉంది. పడమర పక్కన, తూము మూలన, ఇప్పుడు ఫ్లాట్ల కారు పార్కు ఉంది. అది కట్టి ముప్పై ఏళ్లు.

ఈ మాట శుక్రవారం దాటాక చెప్పొచ్చు. ఆయనకు దిబ్బ, తనకు దారి దక్కుతాయి. కానీ పటం మీద సంతకం తనది. గురువారం పొద్దున్నే అమూల్య వెళ్లి చెప్పేసింది.

పరశురాముడు కాసేపు పటాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అయితే అది మారయ్యా?”

“మారయ్యో, వాళ్లింట్లో ఎవరో. అంతకుమించి తెలీదు అంకుల్.”

“మా తాత?”

“కారు పార్కు కట్టే ముందు అక్కడ తొమ్మిది సమాధులు తీశారు. ఎవరూ రాకపోయేసరికి అస్థికలు దహనం చేసి సముద్రంలో కలిపారు. కాగితాల్లో పేర్లు లేవు.”

హేమమాలిని కుర్చీ లాక్కుని కూర్చుంది. “నైనా, ఈ పటం ఇవ్వొద్దు. పాత దస్తావేజు ఒక్కటే పెట్టు. పటం లేకపోయినా వాళ్లు ఓకే అంటారు, ఫినిష్.”

“అస్థికలు దాచే గూటి మీద రామన్న అని పేరు చెక్కించి లోపల మారయ్యను పెట్టమంటావా?”

“ఎవరికి తెలుస్తుంది లా?”

“ఈ అమ్మాయికి తెలుసు. నాకు తెలుసు. నీకూ తెలిసింది.” ఆయన అమూల్య వైపు తిరిగాడు. “మారయ్య వాళ్లు ఎవరైనా దరఖాస్తు పెట్టారా?”

“దరఖాస్తులు తీసుకునే ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. ఎవరూ పెట్టలేదు.”

“అంటే మా తాతకి జరిగిందే ఈయనకీ జరుగుతుంది.”

కూతురు లేచి కాఫీ కలపడానికి వెళ్లింది.

శుక్రవారం నాలుగూ పదికి ముగ్గురూ టోవా పాయోలోని ఆఫీసులో కౌంటర్ ముందున్నారు. పరశురాముడు ఫారంలో రామన్న పేరు కొట్టేశాడు. ‘పేరు తెలియదు, మారయ్య పొలంలో ఉన్న వ్యక్తి’ అని ఇంగ్లీషులో రాయించాడు. రెండు దస్తావేజులూ, చీటీ నకలూ, కొత్త పటమూ జతచేశాడు.

చనిపోయిన వ్యక్తితో సంబంధం అన్న గడి ఖాళీగా ఉంది. బంధువు కాకపోతే కారణం రాయాలని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. పరశురాముడు పెన్ను తీసుకుని తనే రాశాడు. ‘పొరుగువాళ్లం. మధ్యలో దారి.’

ఆ అమ్మాయి ఫారం పట్టుకుని లోపలికి వెళ్లింది. నాలుగూ యాభైకి తిరిగి వచ్చింది. ఒప్పుకుంటారో లేదో మూడు వారాల్లో తెలుస్తుందంది. రసీదు మీద ముద్ర వేసింది.

“ఒప్పుకుంటే అస్థికలు తీసుకునేది ఎవరు?”

పరశురాముడు తన ఫోన్ నంబరు రాశాడు. హేమమాలిని ఆయన చేతిలోంచి పెన్ను లాక్కుని కింద తన నంబరు కూడా రాసింది.